సగంలో ఆగిన జెండా

ఎదురింటి జెండా కూడా సగానికి దిగింది.

మారెన్ కాఫీ కప్పు పట్టుకుని వాకిలి మెట్టు మీద నిలబడి ఆ దిగడమంతా చూసింది. ఎదురింటి పెద్దావిడ ముందు జెండాని స్తంభం కొస దాకా లాగింది. ఒక్క క్షణం ఆగింది. తరవాత ఏమాత్రం తొందర లేకుండా సగానికి దించి తాడు కట్టేసింది. ఇటు తిరిగి మారెన్‌ని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఏం చెయ్యాలో తోచక మారెన్ కూడా గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మూడోది," అంది తల తిప్పకుండానే.

"ఏంటి మూడోది?" గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని తాడుతో కుస్తీ పడుతున్న లౌరిట్స్ అడిగాడు.

"మూడో జెండా. మనదీ, స్తంభం లేని పక్కిల్లూ కాక సందులో ఉన్నవే నాలుగిళ్ళు. మూడిళ్ళ వాళ్ళు దించేశారు. ఇంక చివరింటాయన ఒక్కడే."

"ఆయన ఊళ్ళో లేడేమో," అంది టోవె ఆశగా.

చివరింటి జెండా కదలడం మొదలుపెట్టింది.

నలుగురూ అటే చూశారు. నలుగురి ఒంటి మీదా టవలు గుడ్డతో కుట్టిన స్నానపు కోట్లే. డెన్మార్క్ సముద్రపొడ్డు ఊరు గిల్లెలైలో పొద్దున్నే ఆ కోట్లలో సముద్రానికి నడిచి వెళ్ళి, మూడు మునకలు వేసి, పళ్ళు టకటకలాడుతుంటే అలాగే నడిచి ఇంటికి రావడం ఎవరికీ వింత కాదు. కాని ఆ కోట్లలో చావు జెండా కింద నిలబడటం మాత్రం చూడ్డానికి బాగోలేదు.

నిజానికి వాళ్ళు ఎగరేసింది పెళ్ళి జెండా.

నిన్న మధ్యాహ్నం కోపెన్‌హేగన్ టౌన్ హాల్లో మారెన్‌కీ ఎస్బెన్‌కీ పెళ్ళయింది. పన్నెండు నిమిషాలు పట్టింది. సాక్షులు ఈ ఇద్దరే: మారెన్‌తో కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న టోవె, ఎస్బెన్‌తో పడవ పందేలకి వెళ్ళే లౌరిట్స్. బయటికొచ్చి కాఫీ తాగుతుంటే లౌరిట్స్ "సముద్రానికి పోదామా?" అన్నాడు. ఎప్పుడని ఎవరూ అడగలేదు. స్టేషన్లో నాలుగు పళ్ళ బ్రష్షులు కొనుక్కుని రైలెక్కేశారు. ఎస్బెన్ తాళాల గుత్తిలో వాళ్ళమ్మ వేసవి ఇంటి తాళం ఎప్పుడూ ఉంటుంది.

పొద్దున్న ఈత కొట్టి వచ్చాక, గసగసాలు చల్లిన వేడి బన్నులు తింటూ, "పెళ్ళైన ఇంట్లో జెండా ఎగరకపోతే ఎలా?" అంది టోవె. హాల్లో సొరుగులో, తెల్ల కాగితంలో చుట్టి, జెండా దొరికింది. లౌరిట్స్ తాడు లాగాడు. సగం ఎత్తు దాకా జెండా హాయిగా పోయింది. అక్కడ ఆగింది. లౌరిట్స్ ఇంకాస్త గట్టిగా లాగాడు. పైన కప్పీలో ఏదో ఇరుక్కుంది. అప్పట్నుంచీ అది పైకీ పోదు, కిందికీ రాదు.

సగంలో జెండా ఉందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని. పక్కవాళ్ళు కూడా తమ జెండాలు దించి ఆ దుఃఖంలో పాలు పంచుకుంటారు. గిల్లెలై వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు.

"ఆగిన చోట ఆపెయ్యమన్నాను కదా," అంది టోవె.

"ఎప్పుడన్నావు? 'లాగు లాగు' అన్నావు. చప్పట్లు కూడా కొట్టావు."

"పెళ్ళికి కొట్టాను. నీకు కాదు."

"తాడు కోసేద్దాం. పీడా పోతుంది."

"కోస్తే జెండా నేల మీద పడుతుంది మహానుభావా. సందు సందంతా చూస్తోంది. చావింట్లో తాగి తందనాలాడుతున్నారని కూడా అనుకోనీ."

మారెన్‌కి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూ ఎడమ చేతి ఉంగరాన్ని బొటనవేలితో తిప్పింది. నిన్నట్నుంచీ ఎన్నిసార్లు తిప్పిందో లెక్క లేదు. చల్లనీళ్ళలో మునిగినప్పుడు వేలు సన్నబడి ఉంగరం జారిపోబోతే పిడికిలి బిగించి ఈత కొట్టింది. ఆ సంగతి ఎస్బెన్‌కి చెప్పి నవ్విద్దామని అతని వంక చూసింది.

ఎస్బెన్ జెండాని చూడటం లేదు. సందు మొదటికి చూస్తున్నాడు.

అటునుంచి నల్లకోటు వేసుకుని, చేతిలో తెల్లపూల కుండీతో వెర్నర్ వస్తున్నాడు.

*

వెర్నర్ పక్కింటాయన. ముప్పై ఏళ్ళపాటు ఓడలకి రేవులోకి దారి చూపించిన మనిషి. ఎస్బెన్ చిన్నప్పుడు గాలం వెయ్యడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఆయన గేటు తీసుకుని లోపలికొచ్చి, కుండీ కింద పెట్టి, నలుగురినీ ఒక్కొక్కరిగా వేలుతో లెక్కపెట్టాడు.

"నలుగురు," అన్నాడు. "రాత్రి మీ కిటికీలో కనపడింది కూడా నలుగురే. మరి పోయిందెవరు?"

"ఎవరూ పోలేదు మావయ్యా," అన్నాడు ఎస్బెన్.

"పోకుండానే జెండా దించారా?"

"దించలేదు. ఎక్కిస్తుంటే ఆగిపోయింది."

వెర్నర్ తల పైకెత్తి కప్పీ వైపు చాలాసేపు చూశాడు. తరవాత కుండీ వైపు చూశాడు. పూలు ఖరీదైనవి.

"నేను మీ అమ్మే అనుకున్నాను," అన్నాడు. "ఇంకెవరనుకోను? ఆవిడ ఇంటికే ఫోను చేశాను. చుట్టాలెవరో ఎత్తుతారు, సానుభూతి చెబుదామని. ఎత్తాక, 'పాపం, అగ్నెటె పోయిందటగా' అన్నాను."

"ఎవరెత్తారు?" అంది టోవె.

"అగ్నెటె."

లౌరిట్స్ గడ్డిలోకి మొహం పెట్టేసుకున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

"ఏమంది?" అన్నాడు ఎస్బెన్.

"'నాకెవరూ చెప్పలేదే' అంది. ఆ తరవాత ఎక్కడ చూశావని అడిగింది. మీ జెండా సగంలో ఉందన్నాను. పన్నెండూ నలభై మూడుకి దిగుతానంది, ఫోను పెట్టేసింది."

"నేను వచ్చానని చెప్పావా?"

"చెప్పాను. చెప్పకూడదా?"

మధ్యలో మారెన్ కల్పించుకుంది. ఇంక ఆగలేకపోయింది.

"మాకు పెళ్ళయింది వెర్నర్ మావయ్యా! నిన్ననే. అందుకే జెండా." ఉంగరం చెయ్యి ఆయన మొహం ముందు పెట్టింది.

వెర్నర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. మొహం వెలిగింది. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి.

"పెళ్ళా? పోయిన ఆదివారం కూడా మాట్లాడాను అగ్నెటెతో. గంటసేపు మాట్లాడింది. మోకాలు నొప్పి గురించి చెప్పింది, మెట్ల రంగు గురించి చెప్పింది. కొడుకు పెళ్ళని ఒక్క ముక్క అనలేదే?"

"ఆవిడకి అలాంటివి ఇష్టం ఉండవులెండి," అంది మారెన్. ఎస్బెన్ తనకి చెప్పింది అదే. 'అమ్మకి చెప్పాను. రానంది. పెళ్ళిళ్ళూ విందులూ ఆవిడకి పడవు.' ఆ మాట అన్నప్పుడు మారెన్ ఒక రాత్రంతా పక్కకి తిరిగి పడుకుంది. పొద్దున్నే లేచి, తెల్ల తెరచాప పడవ బొమ్మ ఉన్న కార్డొకటి తీసి తనే స్వయంగా రాసింది. అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు చేతికివ్వమని ఎస్బెన్‌కి ఇచ్చింది. ఇచ్చానన్నాడు. అయినా అగ్నెటె రాలేదు. టౌన్ హాల్లో ఎడమవైపు కిటికీ పక్కన ఆవిడ కోసం వేసిన కుర్చీలో లౌరిట్స్ కోటు పెట్టుకున్నాడు.

"ఇది పడుకోబెడితే తప్ప రాదు," అన్నాడు వెర్నర్ స్తంభం మొదట్లో బోల్టు తడిమి. "పానా, నూనె తెస్తాను. కాని అగ్నెటె వచ్చాకే. ఇది మీ నాన్న ప్రెబెన్ పాతిన స్తంభం. ఆవిడ లేకుండా నేను చెయ్యి వెయ్యను."

"ఈలోగా ఆ నాలుగిళ్ళ వాళ్ళకీ చెప్పేస్తే పోలా? ఎవరూ పోలేదని," అంది టోవె.

"అమ్మ వచ్చాక చెబుదాం," అన్నాడు ఎస్బెన్.

*

వంటింట్లో ఎస్బెన్ కప్పులు కడిగాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు.

"పదకొండున్నరకి ఒక బండుంది," అన్నాడు వీపు ఇటే పెట్టి. "మనం దానికి వెళ్ళిపోదాం."

"మీ అమ్మ వస్తుంటేనా?"

"వెర్నర్ మావయ్య అంతా చెప్తాడు. లౌరిట్స్ ఉంటాడు, స్తంభం సంగతి చూస్తాడు."

"పెళ్ళైన మర్నాడు మీ అమ్మ ఇంటి నుంచి దొంగల్లా పారిపోదామంటావా?"

"పారిపోవడం కాదు."

"మరేంటి?"

కుళాయి నీళ్ళు పోతున్నాయి. మారెన్ వెళ్ళి కుళాయి కట్టేసింది.

"చూడు," అంది. "ఆవిడ పెళ్ళికి రాలేదు. సరే. నాకేం కోపం లేదు. ఉంది, కొంచెం ఉంది. కాని ఇప్పుడు తనంతట తానే వస్తోంది. చచ్చిపోయిందని చెప్తే వస్తోంది, అది వేరే సంగతి. వచ్చాక నేను కాఫీ ఇస్తాను. నల్లరొట్టె మీద పొగబెట్టిన చేప పెట్టి ఇస్తాను. మూడుసార్లు చూశాను ఆవిణ్ణి, మూడుసార్లూ 'ఎలా ఉన్నావు' తప్ప ఇంకో మాట లేదు. నాలుగోసారైనా ఏదో ఒకటి మాట్లాడుకుంటాం. ఇంతకంటే మంచి అదను దొరకదు."

"మారెన్."

"ఊఁ."

అతను నోరు తెరిచాడు. కిటికీలోంచి జెండా వైపు చూశాడు. "బన్నులు ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

మారెన్ ఒక్క నిమిషం అతని మొహం చూసింది. తరవాత బట్టలు మార్చుకోడానికి పైకి వెళ్ళింది. మార్చుకోడానికి ఏమీ లేవు. నిన్న కట్టుకున్న పసుప్పచ్చ పట్టు గౌనే ఉంది. రైల్లో నలిగింది, అంచుకి ఇసుక అంటింది. అయినా తొడుక్కుని, అద్దం ముందు నిన్నటి లాగే ఒక్క చుట్టు తిరిగింది. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

కింద ఎస్బెన్ ఆ గౌను చూసి నిలబడిపోయాడు.

"వేరేవేమీ లేవా?" అన్నాడు.

"పళ్ళ బ్రష్షు ఉంది. అది కట్టుకోనా?"

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

*

ఒంటిగంట దాటిన పావుగంటకి అగ్నెటె సందులోకి తిరిగింది. పొట్టిగా, నిటారుగా, బూడిద రంగు వానకోటులో, చేతిసంచీ మోచేతికి తగిలించుకుని సందు మధ్యలో నడిచి వస్తోంది. అటూ ఇటూ ఇళ్ళ వాళ్ళు గేట్ల దగ్గరికి వచ్చారు. ఎదురింటి పెద్దావిడ ఆవిణ్ణి చూసి గట్టిగా కేక పెట్టింది.

"అవును, నేనే," అంది అగ్నెటె ఆగకుండా. "బాగానే ఉన్నాను. మోకాలు తప్ప."

గేటు తీసుకుని లోపలికి వచ్చింది. అందరికంటే ముందు స్తంభాన్ని చూసింది. సగంలో వేలాడుతున్న ఎర్ర జెండాని, దాని మీది తెల్ల శిలువని చూసింది. గాలి లేదు, గుడ్డ కదలడం లేదు.

"ఎవరు లాగారు?"

"నేనండీ," అన్నాడు లౌరిట్స్. "కొంచెం గట్టిగా."

"గట్టిగా లాగితే ఇరుక్కుంటుంది," అందావిడ, ముందే తెలిసినట్టు. తరవాత కొడుకు వైపు తిరిగింది. "చెప్పరా. ఎందుకు ఎగరేశారు?"

ఎస్బెన్ బదులు మారెన్ ముందుకొచ్చింది. కాఫీ పళ్ళెం చేతుల్లో ఉంది. అగ్నెటె చూపు పళ్ళెం మీద పడి, పళ్ళెం పట్టుకున్న వేలి మీదికి పోయి, పసుప్పచ్చ పట్టు మీదుగా ఇసుక అంటిన అంచు దాకా దిగి, మళ్ళీ వేలి దగ్గరికి వచ్చి ఆగింది.

"మీరు రాలేదని నాకేం బాధ లేదు," అంది మారెన్. పొద్దున్నుంచీ మనసులో సర్దుకున్న మాటలు కావివి, అయినా నోట్లోంచి వచ్చేశాయి. "మీ కుర్చీ మాత్రం చివరిదాకా ఉంచాం. నా కార్డు మీకు అందింది కదా?"

"ఏ కార్డు?"

"పడవ బొమ్మది. ఎస్బెన్ మీ చేతికిచ్చాడు కదా."

అగ్నెటె కొడుకు వంక చూడలేదు. మారెన్‌నే చూసింది. ఆ చూపులో కోపం లేదు, అందుకే మారెన్‌కి అర్థమయింది.

"నీ పెళ్ళి ఎప్పుడమ్మా అయింది?" అని అడిగింది అగ్నెటె.

టోవె వచ్చి పళ్ళెం అందుకుంది.

"నిన్న," అంది మారెన్.

సందులో అందరూ గేట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు, మాటలు మాత్రం అంతదాకా వినపడవు. వెర్నర్ పానా చేతిలో పట్టుకుని గేటు దగ్గర ఆగిపోయాడు. ఎవరో సైకిలు గంట కొట్టి, కొట్టినందుకు నొచ్చుకున్నట్టు ఆపేశారు.

"చెప్పానన్నావు," అంది మారెన్ ఎస్బెన్‌తో. గొంతు పెంచలేదు. "రానందన్నావు. పెళ్ళిళ్ళు పడవన్నావు."

"మారెన్, లోపలికి వెళ్ళి మాట్లాడదాం."

"ఇన్నాళ్ళూ మీ అమ్మ మీద నాకు కోపం తెప్పించావు. ఆ కోపం పోగొట్టుకోడానికి నేనెంత కష్టపడ్డానో తెలుసా? టౌన్ హాల్లో ఆ కుర్చీ చూసినప్పుడల్లా పోగొట్టుకుంటూనే ఉన్నాను. మీ అమ్మ చెయ్యని తప్పుకి."

వెర్నర్ మెల్లగా గేటు తోసుకుని వచ్చి, ఎవరినీ చూడకుండా, బోల్టు మీద నూనె పోశాడు.

*

స్తంభాన్ని పడుకోబెట్టడానికి ఆరుగురూ కావలసి వచ్చింది. బోల్టు మీద పెచ్చులు కట్టిన తెల్లరంగు గీకాల్సి వచ్చింది. లౌరిట్స్, ఎస్బెన్ చెరో పక్క భుజం పెట్టారు. వెర్నర్ ఒకప్పుడు రేవులో కేకలేసినట్టే కేకలేశాడు: "మెల్లగా! ఇటు! నీ కాళ్ళు చూసుకో!" స్తంభం వాలుతుంటే జెండా ముందుకొచ్చింది. నేలకి తగలకుండా పట్టుకోవాలి. మారెన్ చేతులు చాపింది. ఆ పక్కనే ఇంకో రెండు చేతులు చాచి ఉన్నాయి. గుడ్డ ఇద్దరి చేతుల్లోకీ ఒకేసారి పడింది.

పొద్దుటి మంచుకి అది ఇంకా చెమ్మగా ఉంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మడతలు పెట్టారు. ఒక్కో మడతకీ ఒక్కో అడుగు దగ్గరికి వచ్చారు.

"ఏం రాశావు?" అంది అగ్నెటె. "కార్డులో."

"పెద్దగా ఏం లేదు. మీ కుర్చీ ఎడమవైపు, కిటికీ పక్కన అని. వస్తే సంతోషం, రాకపోయినా కుర్చీ ఉంటుందని."

"ఎవరు కూర్చున్నారు?"

"లౌరిట్స్ కోటు."

"మంచి కోటేనా?"

"ఒక గుండీ లేదు."

అగ్నెటె పెదవులు కదిలాయి. అది నవ్వో కాదో చెప్పడం కష్టం. చివరి మడత దగ్గర ఇద్దరి చేతులూ తగిలాయి. ఆవిడ వేళ్ళ కణుపులు లావెక్కి, వంకర తిరిగి ఉన్నాయి.

"ఇదుగో, దొరికింది!" వెర్నర్ స్తంభం కొసన కూర్చుని అరిచాడు. "కప్పీలో ముడి. తాడుకి ఎవరో ముడి వేశారు. అదీ మామూలుది కాదు, బిగించి బిగించి వేశారు. ఏ వెధవ పనో ఇది."

"నా పనే," అంది అగ్నెటె.

వెర్నర్ తల దించుకున్నాడు.

అగ్నెటె జెండాని మారెన్ చేతుల్లో వదిలి, వాకిలి మెట్టు మీద కూర్చుంది. జరిగిందంతా రైలు వేళలు చెప్తున్నట్టు చెప్పింది. మూడేళ్ళ కిందట ప్రెబెన్ పోయినప్పుడు ఈ జెండా సగంలో ఎగిరింది. మట్టి చేసి వచ్చాక దాన్ని కొస దాకా లాగి, పొద్దుగూకే దాకా పైన ఎగరనివ్వాలి. అందరూ అలాగే చేస్తారు. వెర్నర్ లాగుతానంటే ఆవిడ లాగనివ్వలేదు. సగంలోంచే దింపేసి సొరుగులో పెట్టేసింది. ఆ వేసవిలో స్తంభం పడుకోబెట్టి రంగు వేయించినప్పుడు, రంగులాయన భోజనానికి వెళ్ళిన సమయంలో, తాడుకి సరిగ్గా సగం దగ్గర ముడి వేసింది. 'నేనున్నన్నాళ్ళూ ఈ ఇంట సంతోషానికి జెండా పైకెళ్ళదు' అని మట్టి చేసి వచ్చిన రోజే అనేసింది.

"ముడి సంగతి నాకు తెలీదు," అన్నాడు ఎస్బెన్. "ఆ మాట మాత్రం నేను విన్నాను. ఆ రోజు వంటింట్లో నువ్వు వెర్నర్ మావయ్యతో అంటుంటే విన్నాను. పెళ్ళి సంగతి చెబుదామని మూడుసార్లు నీ దగ్గరికి వచ్చానమ్మా. మూడుసార్లూ నీ మోకాలి గురించి మాట్లాడి వెళ్ళిపోయాను. నీకు సంతోషం కబురు చెప్పాలంటే నాకు నోరు రాలేదు."

"అంటే నా కొడుకు పెళ్ళికి నేను ఏడుస్తాననుకున్నావు."

"అనుకోలేదు. ఏడవనైనా ఏడవకుండా ఊరికే 'సరే' అనేస్తావేమోనని భయపడ్డాను."

అగ్నెటె చేతిసంచీని ఒళ్ళోకి లాక్కుంది.

ఎస్బెన్ తను తొడుక్కున్న నిన్నటి కోటు లోపలి జేబులోంచి కార్డు తీశాడు. నిన్న పెళ్ళిలో కూడా అది అక్కడే ఉంది. మూలలు మెత్తబడ్డాయి. అగ్నెటె కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మూడు వాక్యాలకి చాలాసేపు పట్టింది. చదివి, చేతిసంచీ తెరిచి, అందులో పెట్టుకుని, సంచీ మూసింది.

"మరి ఏం చేద్దాం?" అన్నాడు వెర్నర్. "పొద్దుగూకడానికి ఇంకా చాలా టైముంది. ఆ నాలుగిళ్ళ వాళ్ళూ అక్కడ ఎదురుచూస్తున్నారు. పైకా, సొరుగులోకా?"

అగ్నెటె మారెన్ వంక చూసింది.

"ముడి వేసేటప్పుడు నా చేతులు బాగుండేవి," అంది. "ఇప్పుడు ఈ వేళ్ళతో విప్పలేను. కొయ్యనివ్వను, అది ప్రెబెన్ తెచ్చిన తాడు. నువ్వు విప్పగలిగితే పైకి. లేకపోతే సొరుగులోకి. నా బండి నాలుగూ పదికి."

మారెన్ జెండాని టోవె చేతిలో పెట్టి, వంటింట్లోంచి ఒక ఫోర్కు తెచ్చుకుని, పసుప్పచ్చ గౌనుతోనే గడ్డిలో కూర్చుంది. ముడి రాయిలా ఉంది. మూడు చలికాలాల వాన దాన్ని బిగించింది. పొద్దున్న లౌరిట్స్ మిగిలిన కాస్తా బిగించాడు.

ఎస్బెన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తాడు రెండో కొస పట్టుకోబోయాడు.

"వద్దు," అంది మారెన్.

"సాయం చేస్తాను."

"చేద్దువుగాని. ఇక్కడ కాదు. లేచి వెళ్ళు. ఆ నాలుగిళ్ళకీ వెళ్ళి చెప్పిరా."

"ఏమని?"

"ఏమని చెప్పాలో నీకు తెలీదా? వెర్నర్ మావయ్యని పంపకు. లౌరిట్స్‌ని పంపకు. ఒక్కో తలుపు నువ్వే తట్టి, నీ నోటితో చెప్పు. నాలుగుసార్లు."

"మారెన్, నీకు నా మీద..."

"తిరిగొచ్చాక అడుగు. అప్పటికి నాకూ తెలుస్తుందేమో."

అతను లేచాడు. ప్యాంటుకంటిన గడ్డి దులుపుకున్నాడు. గేటు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూశాడు. మారెన్ తల ఎత్తలేదు. గేటు చప్పుడు వినిపించింది. ఎదురింటి తలుపు మీద మూడు దెబ్బలు వినిపించాయి.

ఫోర్కు పన్ను ఒకటి వంగింది. మారెన్ దాన్ని తిప్పి రెండో పన్నుతో మొదలుపెట్టింది. గోరు విరిగింది. ఉంగరం అడ్డం వస్తోంది. దాన్ని తీసి పక్కన పెట్టడానికి గడ్డి తప్ప చోటు లేదు. ఒక్క క్షణం ఆలోచించి, ఉంగరం వేలు మడిచిపెట్టుకుని మిగతా వేళ్ళతోనే పని సాగించింది.

ఇదంతా అగ్నెటె మెట్టు మీద నుంచి చూసింది.

"అటు చూడండి," అంది టోవె.

ఎదురింటి జెండా కదిలింది. మెల్లగా, కుదుపు లేకుండా, సగంలోంచి కొస దాకా ఎక్కింది. అప్పుడే కాస్త గాలి తగిలి పూర్తిగా విచ్చుకుంది.

"చెప్పాడన్నమాట," అంది అగ్నెటె. "ఏమని చెప్పి ఉంటాడు? ఎవరూ పోలేదనా, పెళ్ళయిందనా?"

మారెన్‌కి అది తెలీదు. తెలుసుకోవాలని కూడా ప్రస్తుతానికి లేదు. మునివేళ్ళ కింద, ముడి లోపలెక్కడో, ఒక్క పోగు జరిగినట్టయింది. జరిగిందో, తన వేలే జారిందో. ఫోర్కుని మళ్ళీ అక్కడే గుచ్చింది.

హాల్లో గడియారం మూడున్నర కొట్టింది. స్టేషనుకి పావుగంట నడక, ఆ మోకాలితో అయితే అరగంట. ఇప్పుడు లేస్తే తప్ప బండి అందదు.

అగ్నెటె చేతిసంచీ ఒళ్ళోంచి తీసి మెట్టు మీద పక్కన పెట్టింది.

"ఐదూ పదికి కూడా ఒకటుంది," అంది, ఎవరితోనూ కాదన్నట్టు.